సుద్దముక్క

జనవరి 9

అల్లుడు మాస్టారికి,

ఇంతవరకు మీ ముఖం చూడని మామయ్య, దూరం నుంచే దీవించి రాస్తున్నది. దీవెనలకు తూకం ఉండదు కనుక నాలుగు ఎక్కువే పెట్టాను.

మా మేనకోడలికి ఇక్కడి గాజు ఫ్యాక్టరీలో ఉద్యోగం ఖాయమైనట్టు కంపెనీ కాగితం మీకు అందే ఉంటుంది. కొలిమి మంట రంగు చూసి లోపల గాజు పాకానికి వచ్చిందో లేదో చెప్పగల మనిషి వీళ్ళకు ఇన్నాళ్ళూ దొరకలేదట. చిన్నప్పుడు పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే నోరు తెరుచుకుని చూసేది మా పిల్ల! దాని కోసం ఇన్ని దేశాలు గాలించారంటే నవ్వొస్తోంది, గర్వంగానూ ఉంది.

ఆమెనూ, మిమ్మల్నీ, మీ పాప పిచికనీ ఇక్కడికి రప్పించి, ఇల్లు చూపించి, బడిలో వేయించి, బస్సు ఎక్కడం నేర్పించి కుదుట పెట్టడం నా బాధ్యత. బంధుత్వం కొద్దీ కాదు, నా ఉద్యోగమే అది. బయటి దేశాల నుంచి వచ్చే పనిమంతులను కుటుంబంతో సహా దించుకునే విభాగం మాది. విభాగం అంటే ఇద్దరం. నేనూ, ముద్రమ్మా. ఆవిడ అసలు పేరు పలకడానికి నా నాలుక ఒప్పుకోదు. ఆవిడ ముద్ర కొడితే మనిషి వస్తాడు, కొట్టకపోతే రాడు.

ఈ దేశం భాష నేను బడికెళ్ళి నేర్చుకున్నది కాదు. మందుసీసాల మీది చీటీలు చదివి నేర్చుకున్నాను. అందుకని మొదటి ఏడాది ఎవరైనా "బాగున్నారా?" అంటే "రోజుకు రెండుసార్లు, భోజనం తర్వాత" అనేవాణ్ణి. మీకు ఆ గతి పట్టనివ్వను.

పోయినేడు అక్క పంపిన నీలిగళ్ళ చొక్కా వేసుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను. అంతా మీ చేతి చలవ. మెడ దగ్గర ఎంత బాగా కుదిరిందో చెప్పలేను. మీరు ఇక్కడికొచ్చి ఊరికే కూర్చోవలసిన పని లేదు, మీకు తగిన పని కూడా నేనే చూస్తాను. మూడు సంగతులు రాయండి. మీ చేతి కింద ఎంతమంది ఉన్నారు? ఎన్నేళ్ళ అనుభవం? చూపు బాగా ఆనుతుందా? సామాను ఏదీ మోసుకు రాకండి, అంతా ఇక్కడే ఇస్తారు. అలవాటైన టేపు ఒక్కటి పెట్టుకోండి.

ఇల్లు మా వాటా పక్కనే, రెండో అంతస్తులో, మూడు గదులు. కింద రొట్టెల దుకాణం. పొద్దున్నే ఆకలి వేసి లేస్తారు, గడియారం అక్కర్లేదు.

మీ రాకకు ఎదురుచూసే
మామయ్య

జనవరి 26

పూజ్యులైన మామయ్యగారికి నమస్కారములు.

మీ మేనకోడలు ఇక్కడి ఫ్యాక్టరీ కొలిమి దగ్గర షిఫ్టుల్లో ఉంటోంది కనుక ఉత్తరాల సంగతి నన్నే చూడమంది. చొక్కా మీకు సరిపోయినందుకు సంతోషం.

మీరడిగిన వాటికి వరసగా జవాబులు. ప్రస్తుతం నా చేతి కింద అరవై మంది ఉన్నారు. ఈ పనిలోకి వచ్చి పదిహేనేళ్ళు. కళ్ళజోడు ఉంటే చూపుకు ఢోకా లేదు. టేపు ఎందుకో బోధపడలేదు, కొత్త ఇంట్లో గదులు కొలుచుకోవడానికి కాబోలు అనుకుని పెట్టెలో వేశాను.

అరవై మంది అంటే అరవై రకాలు. ఎంత చెప్పినా తిన్నగా ఒక గీత గీయలేనివాళ్ళు ఉంటారు. చెయ్యి పట్టుకుని గీయించాలి. అయినా గొప్ప చెప్పుకుంటున్నానని అనుకోకపోతే, వీధిలో నేను ఎదురైతే మా ఊరి పిల్లలు సైకిలు దిగి నిలబడతారు. దిగమని నేను ఎన్నడూ అనలేదు.

ఒక్క సంగతి ముందే చెప్పాలి. కంపెనీ కాగితంలో మీ మేనకోడలి పేరు కింద 'ఆధారపడినవారు' అని ఒక గడి ఉంది. అందులో మొదట పాప పేరు, దాని కింద నా పేరు రాశారు. పదేళ్ళ పిల్లకు, నాకు ఒకటే గడి. నేను ఆ గడిలో కూర్చోవడానికి రాలేను, మామయ్యగారూ. నా పని నాకు దొరికితేనే వస్తాను. మీ మేనకోడలు "ముందు వెళ్దాం, పని సంగతి తర్వాత చూసుకుందాం" అంటుంది. "కొలిమి దగ్గర నువ్వు అలాగే చేస్తావా?" అంటే, "కొలిమికి రోషం ఉండదుగా" అంది.

రోషమే అనుకోండి. సుద్దముక్క చేతిలో ఉన్నంతకాలం నాకు ఏ ఊరైనా ఒకటే. అది లేకపోతే సొంత ఊరు కూడా పరాయిదే.

ఇట్లు,
మాస్టారు

ఫిబ్రవరి 20

మాస్టారూ,

కాలరు సర్దుకుని కూర్చోండి. దీవెన చివర్లో ఇస్తాను, ముందు శుభవార్త.

సుద్దముక్క గురించి మీరు రాసిన మాట ముద్రమ్మకు చదివి వినిపించాను. "సుద్దముక్క ఎందుకు?" అంది. టేబులు మీద చెయ్యి జరిపి గీత గీసి చూపించాను. ఆవిడ లేచి వచ్చి, నా చొక్కా కాలరు తిరగేసి లోపలి కుట్టు చూసింది. పక్క గదిలోవాళ్ళు ఏమనుకున్నారో అది వేరే సంగతి. ఈ వయసులో నా కాలరు పట్టుకున్న ఆడమనిషి ఆవిడ ఒక్కతే.

"ఇది అతని పనేనా?"

"ఆ చేతి చలవే."

"అతని కింద అరవై మంది ఉన్నారా?"

"అరవై మందీ, తిన్నగా గీత గీయడం దగ్గర్నుంచీ ఆయనే నేర్పాలి."

కొట్టింది ముద్ర! ఫ్యాక్టరీ వెనకాలే కుట్టు వర్క్‌షాపు ఉంది. కొలిమి దగ్గర పనిచేసేవాళ్ళకు మందపాటి కోట్లు అక్కడే తయారవుతాయి. అక్కడ కటింగు అంతా మీ చేతి మీదుగా నడుస్తుంది. మీరు కత్తిరించిన కోటు తొడుక్కుని మీ ఆవిడ నిప్పు ముందు నిలబడుతుంది. ఇంత అన్యోన్యమైన కాపురం నేను కథల్లో కూడా వినలేదు.

మీకు తెలీదు గానీ ఇది పెద్ద గండమే. ఉద్యోగం మీద వచ్చినవారి భర్తకో భార్యకో ఇక్కడ పని చేసుకునే అనుమతి ఊరికే రాదు. ఏ పనివాళ్ళకు కొరత ఉందో ఏటా ఒక జాబితా వేస్తారు. అందులో ఉన్న పనైతేనే అనుమతి. దర్జీలు ఉన్నారు, బతికిపోయారు. అదే మీరు ఏ బడిపంతులో అయ్యుంటే! మా పై వాటాలో ఒక పంతులు ఉన్నాడు. భార్య ఉద్యోగం మీద వచ్చాడు. పొద్దస్తమానం కిటికీ దగ్గర కూర్చుని వచ్చేపోయే బస్సులు లెక్కపెడతాడు. సాయంత్రం మెట్ల మీద ఎదురైతే మొత్తం ఎన్నో చెబుతాడు పాపం, ఎవరూ అడక్కపోయినా. భగవంతుడు మిమ్మల్ని చల్లగా చూశాడు.

పిచికకు బడి కూడా దొరికింది. ఇక చివర్లో ఇస్తానన్న దీవెన, ఇదిగో.

మామయ్య

మార్చి 8

మామయ్యగారికి,

నేను లెక్కల మాస్టారిని.

పదిహేనేళ్ళుగా బడిలో పాఠాలు చెబుతున్నాను. నా చేతి కింద ఉన్న అరవై మంది ఎనిమిదో తరగతి పిల్లలు. సుద్దముక్కతో నేను గీసేది నల్లబల్ల మీద. మీరు వేసుకున్న చొక్కా నేను కుట్టలేదు, కుట్టించాను. కుట్టింది మా వీధి చివరి దర్జీ.

పొరపాటు పడ్డానని మీరు రాస్తారు. మేనకోడలి మొగుడు ఏం చేస్తాడో పన్నెండేళ్ళుగా తెలియని మేనమామ ఉంటాడా? 'కాలరు సర్దుకుని కూర్చోండి' అన్న మాట పొరపాటున వస్తుందా? బావామరదుల మధ్య వేళాకోళం ఉంటుంది. మన వరస అది కాదు. ఆధారపడేవాళ్ళ గడి గురించి మనసు విప్పి మీకు రాశాను. దాని మీద మీరు వేసిన చలోక్తి ఇది అని అర్థమైంది.

మీ ఉత్తరం మీ మేనకోడలే పైకి చదివింది. దర్జీ అన్న మాట దగ్గర ఆగింది. తర్వాత నవ్వింది. నవ్వి నవ్వి కింద కూలబడింది. అమ్మ నవ్వుతోందని పాప కూడా నవ్వింది. ఇన్నేళ్ళలో ఆమె అంతగా నవ్వగా నేను చూడలేదు. కళ్ళు తుడుచుకుని, "పోనీలెండి, కత్తెర పట్టుకుంటే తప్పేముంది? వెళ్ళడమంటూ కుదురుతుంది కదా" అంది. నవ్వు కంటే ఆ మాటే నాకు ఎక్కువ తగిలింది.

తల్లీబిడ్డలను పంపిస్తాను. నేను రాను. మీ పై వాటా పంతులుగారికి నా నమస్కారాలు. ఆయన లెక్క తప్పడని నా నమ్మకం.

ఇట్లు,
మాస్టారు
(లెక్కలు)

మార్చి 29

మాస్టారూ,

చెంపలేసుకుని రాస్తున్నాను. ఒక చెయ్యి చెంప మీద ఉండటం వల్ల అక్షరాలు వంకరపోయాయి, మన్నించండి.

నేను ఇల్లు వదిలేనాటికి మీ ఆవిడకు ఇంకా పాలపళ్ళు ఊడుతున్నాయి. పెళ్ళికి రాలేకపోయాను. అక్క ఫోనులో "పిల్లకు మాస్టారి సంబంధం కుదిరింది" అంది. మా చిన్నప్పుడు మా వీధిలో దర్జీ మాస్టారే, బ్యాండు వాయించేవాడు మాస్టారే, టీ కాచేవాడూ మాస్టారే. బడిలో ఉండేవాడి పేరు ఎత్తితేనే నేను పారిపోయేవాణ్ణి కనుక ఆయన్ను ఏమనేవారో గుర్తులేదు. తర్వాత చొక్కా వచ్చింది. "మాస్టారు కుట్టించారు" అని అక్క చెప్పే ఉంటుంది. ఫోను గరగరలో మధ్యలో 'ఇంచు' ఎగిరిపోయి 'కుట్టారు' అని వినబడింది. దర్జీకి ఇంచు తప్పితే చొక్కా పోతుంది. నాకు 'ఇంచు' తప్పి మీ పరువు పోయింది.

ఇదీ వేళాకోళమే అనుకునేరు. నాకు ఏడుపొచ్చినా ఈ పద్ధతిలోనే వస్తుంది, ఏం చెయ్యను?

ముద్రమ్మ దగ్గరికి పరిగెత్తాను. "దర్జీ అన్నది తప్పు, పంతులు అని దిద్దాలి" అన్నాను.

"దిద్దితే పని అనుమతి పోతుంది. కుటుంబం ఫైలు మొత్తం మళ్ళీ మొదటికొస్తుంది."

"అంతవరకు కొలిమి?"

"కొలిమి మీ కోసం ఆగదు. ఇంకొకరు వస్తారు." పెన్ను తీసి, "దిద్దనా?" అంది.

వద్దన్నాను. మిమ్మల్ని అడక్కుండా వద్దన్నాను. కానీ దిద్దితే మా పిల్ల ఉద్యోగం పోతుంది.

కనుక చెప్పేది వినండి. నన్ను ఈ దేశంలోకి తోటమాలి అని రాసుకుని రానిచ్చారు. నాకు గులాబీకీ ముళ్ళకంపకీ తేడా తెలిసేది కాదు. మొదటి వారంలోనే ఆఫీసు ముందు పూలమొక్కలన్నీ కలుపు అనుకుని పీకేశాను. ఎవరూ చచ్చిపోలేదు, మొక్కలు తప్ప. ఇక్కడ సగం మంది ఇంకెవరో అనుకుని పిలిస్తే వచ్చినవాళ్ళమే. వర్క్‌షాపువాళ్ళు మీ చేతిపని పరీక్ష చూసేది జూలైలో. మీ వీధి చివర దర్జీ ఉన్నాడని మీరే రాశారు. గీత తిన్నగా గీయడం మీకు ముందే వచ్చు. అక్కడా సుద్దముక్కే, ఇక్కడా సుద్దముక్కే.

నా కోసం కాదు. పిచిక కోసం ఆలోచించండి.

తలవంచుకుని,
మామయ్య

మే 2

మామయ్యగారికి,

చాలా రోజులు మీకు జవాబు రాయకూడదనే అనుకున్నాను. కొలిమి వెలిగించే రోజు ముందుకు జరిగిందట, మీ మేనకోడలినీ పాపనూ ఈ నెలలోనే రమ్మన్నారు. పెట్టెలు సర్దుతుంటే పాప నా చొక్కాలు కూడా తెచ్చి పెట్టెలో వేసింది. తీసేస్తే మళ్ళీ వేసింది. మూడోసారి నేను తియ్యలేకపోయాను.

దర్జీ దగ్గరికి వెళ్ళాను.

"రండి మాస్టారూ, చొక్కానా, ప్యాంటా?"

"పని నేర్పాలి."

"ఎవరికి?"

"నాకే."

అతను మిషను ఆపాడు. అది ఆగేసరికి వీధి అంతా వింటున్నట్టు అనిపించింది. "బడి మూసేశారా ఏంటి?" అన్నాడు. సంగతి చెబితే విని పగలబడి నవ్వాడు. "అయితే ఇక కొట్లో ఇద్దరు మాస్టార్లం! ఎవరైనా వచ్చి పిలిస్తే ఎవరం పలకాలి?" అన్నాడు. మంచివాడే కానీ నోరు ఊరుకోదు. వచ్చిన ప్రతివాడికీ నన్ను చూపించి, "మన లెక్కల మాస్టారు, ఇప్పుడు గుండీలు లెక్కపెడుతున్నారు" అంటాడు.

మొదటి రోజు మా తరగతి కుర్రాడొకడు కొట్టు ముందు అలవాటుగా సైకిలు దిగాడు. నా కాళ్ళు మిషను మీద ఉండటం చూశాడు. కాసేపు అలాగే నిలబడి, ఏం చెయ్యాలో తోచక మళ్ళీ ఎక్కి వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి వాడు దిగలేదు. వారం తిరిగేసరికి ఎవరూ దిగడం లేదు.

హెడ్మాస్టారు పిలిచి, "పొద్దున పాఠం, సాయంత్రం బజార్లో మిషను. పిల్లలు నవ్వుతున్నారు. ఏదో ఒకటి తేల్చుకోండి" అన్నారు. ఎలాగూ వెళ్ళేవాణ్ణే కదా అని అక్కడే రాజీనామా రాసిచ్చాను. ఆయన నా కుర్చీ వెనక్కి జరిపి, కూర్చుని రాయమన్నారు. ఆ మర్యాద ఒక్కటీ జరిగింది.

మీ మేనకోడలు ఇప్పుడు నవ్వడం మానేసింది. సాయంత్రం షిఫ్టు దిగి వస్తూ కొట్టు ఎదురుగా రోడ్డు అవతలి నుంచి వెళుతుంది. ఆమె సిగ్గుపడి కాదు, నాకు సిగ్గు కలగకూడదని. అది నాకు తెలుసు. ఆమెకు తెలుసో లేదో తెలియదు.

ఆమె చేతికి ఒక చొక్కా ఇచ్చి పంపుతున్నాను. కొలతలు పాతవే. ఈసారి కుట్టించలేదు, కుట్టాను. జూలైలో పరీక్షకు వస్తాను.

ఇట్లు,
మాస్టారు

జూన్ 16

మాస్టారూ,

తల్లీబిడ్డలు క్షేమంగా దిగారు. పిచిక రొట్టెల దుకాణంవాడితో అప్పుడే స్నేహం కట్టింది. వాడి భాష దానికి రాదు, దాని భాష వాడికి రాదు. ఇద్దరూ గంటసేపు మాట్లాడుకుంటారు. మా పిల్ల మొదటి రోజే కొలిమి తలుపు తీయించి, ఒక్క చూపు చూసి "ఇంకా ఉడకలేదు" అందట. నలుగురు పెద్ద పెద్ద ఇంజినీర్లు చేతులు కట్టుకుని నిలబడ్డారట.

చొక్కా వేసుకున్నాను. ఎడమ చెయ్యి కుడి చెయ్యి కంటే నాలుగు వేళ్ళు పొడుగొచ్చింది. వయసు మీద పడి నా ఎడమ భుజం జారింది, సరిగ్గా దానికి తగినట్టు కుట్టారని అందరికీ చెబుతున్నాను. రోజూ అదే వేసుకుంటున్నాను.

ఇక్కడ వానలు ముందే పడ్డాయి. కొత్త బస్సులు వేశారు, ఆకుపచ్చవి. మెట్ల కింద పిల్లి ఈనింది. చుట్టూ తిరిగి లాభం లేదు, చెప్పేస్తాను.

మొన్న సోమవారం పొద్దున పై వాటా పంతులు మెట్ల మీద ఎదురయ్యాడు. గడ్డం గీసుకున్నాడు, చేతిలో సంచి. "ఈవాళ బస్సులెన్ని?" అన్నాను వేళాకోళానికి.

"తెలీదు. నేనే ఒకటి ఎక్కాలి" అన్నాడు. బడికి వెళుతున్నాడు.

కొత్త జాబితా వచ్చింది, మాస్టారూ. ఈ ఊరి బళ్ళలో లెక్కలు చెప్పేవాళ్ళు లేరట. లెక్కల పంతుళ్ళను చేర్చారు. కంపెనీ ఇక కోట్లు బయట కొనుక్కుంటుందట, వర్క్‌షాపులో మిషన్ల మీద గుడ్డలు కప్పేశారు. జాబితాలోంచి దర్జీలను తీసేశారు.

ముద్రమ్మ కాళ్ళావేళ్ళా పడ్డాను. "మా అల్లుడు అసలు లెక్కల మాస్టారే" అన్నాను.

"దిద్దమంటావా అని పెన్ను పట్టుకుని అడిగాను. వద్దన్నది ఎవరు?"

"నేనే."

"అంటే తెలిసి తెలిసి నా ముద్ర కింద అబద్ధాన్ని ఉంచేశావన్నమాట." ఆవిడ లేచి తలుపు వేసి వచ్చింది. "ఈ మాట నేను వినలేదు. వింటే నీ మేనకోడలి కాగితం కూడా కొట్టెయ్యాలి. ఇంకెక్కడా అనకు."

ఇంటికొచ్చి మా పిల్లకు చెప్పాను. అది కోటు కూడా విప్పలేదు. "మామయ్యా, నువ్వింక ఎవరికీ సాయం చెయ్యకు" అంది. అంతే. నా పళ్ళెంలో అన్నం వడ్డించింది, తను తినలేదు.

ఆధారపడినవారి గడిలో మీ పేరు ఇంకా అలాగే ఉంది. పని చెయ్యడానికి వీల్లేదు గానీ, వచ్చి ఉండొచ్చు. వచ్చెయ్యండి మాస్టారూ. పై వాటా కిటికీ ఎలాగూ ఖాళీ అయ్యింది

ఈ వాక్యం కొట్టేద్దామనుకున్నాను. కొట్టేస్తే కింద ఏముందోనని మీరు ఇంకా నొచ్చుకుంటారని ఉంచేశాను. నా నోరు ఇలాంటిది. నా చెయ్యి కూడా.

పిచిక రోజూ అడుగుతోంది.

మామయ్య

జూలై 5

మామయ్యగారికి,

మీ ఉత్తరం అందింది. వెంటనే బడికి వెళ్ళాను. నా తరగతిలో కొత్తాయన పాఠం చెబుతున్నారు. బాగానే చెబుతున్నారు. కిటికీ అవతల కాసేపు నిలబడి వచ్చేశాను.

మీ మీద కోపం లేదు. కోపం ఉంటే రాయడానికి ఇంకా చాలా ఉండేది.

మీ మేనకోడలిని కొలిమి దగ్గర జాగ్రత్తగా ఉండమనండి. రోషం లేనిదే అయినా నిప్పు నిప్పే. పాపకు భాగహారంలో శేషం దగ్గర చెయ్యి తడబడుతుంది. మిగిలినదాన్ని ఎక్కడ రాయాలో తెలియక వదిలేస్తుంది. పై వాటా పంతులుగారిని అడిగి చెప్పించండి. ఆయనకు లెక్క తప్పదు. ఆ కిటికీ మాత్రం నా కోసం అట్టే పెట్టకండి.

పగలు దర్జీ కొట్లోనే ఉంటున్నాను. ఇంట్లో చెయ్యడానికి ఏమీ లేదు. కాలరు ఇంకా కుదరడం లేదు. నిన్న దర్జీ టీకి వెళ్ళినప్పుడు కొట్టు ముందు సైకిలు ఆగిన చప్పుడైంది. "మాస్టారూ" అని ఎవరో పిలిచారు. తల ఎత్తితే, మా ఎనిమిదో తరగతి కుర్రాడు. ఆ రోజు దిగి మళ్ళీ ఎక్కినవాడే. చంకలో ఒక పొట్లం ఉంది, చేతిలో ఒక పుస్తకం ఉంది. దేని కోసం వచ్చాడో నేను అడగలేదు.

"ఆయన లేరు, రేపు రా" అన్నాను.

ఇట్లు,
పిచిక నాన్న